ఇంటిని నిలువుగా కోసి చూస్తే

నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో కొత్తగా ఇల్లు మొదలుపెట్టినవాళ్ల ఫోన్ తీసుకుని చూడండి, మూడు రకాల బొమ్మలు కనిపిస్తాయి. ఒకటి వాస్తు చూసే ఆయన గీసిచ్చిన ప్లాన్. రెండోది ఎవరెవరివో ఇళ్ల ముందు బండి ఆపి తీసిన ఎలివేషన్ ఫోటోలు. మూడోది కంప్యూటర్లో చేయించిన త్రీడీ బొమ్మ. అందులో మన వీధిలో ఎక్కడా లేని పచ్చిక, గేటు ముందు ఒక తెల్ల కారు తప్పనిసరిగా ఉంటాయి. ఆ ఇంట్లో మే నెల మధ్యాహ్నం ఎట్లా గడుస్తుందో చెప్పగలిగే బొమ్మ ఇంకొకటి ఉంది. అది చాలామంది దగ్గర ఉండదు. దాన్ని సెక్షన్ అంటారు.

ఆర్కిటెక్చర్ మీద ఆసక్తి ఉన్నవాళ్లు, ఇంటర్ చదివే పిల్లలైనా, ప్లాటు కొని పెట్టుకున్న పెద్దవాళ్లైనా, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే నా జవాబు సెక్షన్ దగ్గరే. పాఠాలు మామూలుగా అక్కడ మొదలుకావు. గ్రీకు స్తంభాలు, రోమన్ ఆర్చీలు, గోథిక్ చర్చీలు అంటూ శైలుల వరసతో మొదలవుతాయి. ఆ వరస బట్టీ పట్టినవాడికి కూడా తను పడుకునే గది రాత్రి పది దాటినా ఎందుకు చల్లబడదో తెలియకపోవచ్చు.

ముందు బొమ్మల సంగతి చూద్దాం. ప్లాన్ అంటే ఇంటిని నేలకు మూడు నాలుగడుగుల ఎత్తున అడ్డంగా కోసి, పై భాగం తీసేసి, పైనుంచి చూసి గీసింది. గది ఎంత, తలుపు ఎటు, మంచం పడుతుందా అన్నవి అందులో తెలుస్తాయి. బయట నిలబడితే కనిపించే గోడ ఎలివేషన్. సెక్షన్ మాత్రం నిలువు కోత. సీతాఫలాన్ని రెండుగా విప్పినట్టు ఇంటిని పునాది నుంచి పిట్టగోడ దాకా విప్పి చూడటం. కప్పు ఎంత ఎత్తు, కిటికీ నేలకు ఎన్ని అడుగుల పైన మొదలవుతుంది, కిటికీ మీది సజ్జ ఎంత ముందుకొచ్చింది, ఎండ గదిలో ఎంతదాకా పాకుతుంది, వేడిగాలి ఎక్కడ చేరి ఎటు పోతుంది, ఇవన్నీ ఆ కోతలోనే కనబడతాయి. ప్లాన్ కాగితం మీద మెట్లు ఎప్పుడూ బాగానే ఉంటాయి. సెక్షన్ గీయకుండా కట్టేస్తే మలుపు దగ్గర బీమ్ అడ్డొచ్చి, ఇంటికొచ్చిన పొడుగాటి చుట్టాలందరూ వంగి ఎక్కాల్సి వస్తుంది. అట్లాంటి ఇళ్లు మన ఊళ్లల్లో తక్కువేం లేవు.

సజ్జ చెప్పే లెక్క

సెక్షన్ ఎందుకు ముఖ్యమో తెలియాలంటే సజ్జను మించిన పాఠం లేదు. మన దగ్గర నాలుగు గోడలకూ ఒకటే కొలత, అడుగున్నర సజ్జ. మేస్త్రీ అడగడు, ఇంటాయన చెప్పడు. కానీ నాలుగు వైపులా ఎండ ఒకేలా రాదు కదా.

నల్గొండ దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మహబూబ్‌నగర్ కాస్త దిగువన. అందుకని మే నెల మొదటి పదిరోజుల్లో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు మనకు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. నిటారుగా పాతిన కడీకి ఆ నిమిషంలో నీడే ఉండదు. ఈ రెండింటి మధ్య రోజుల్లో మధ్యాహ్నపు సూర్యుడు కొంచెం ఉత్తరానికి జరుగుతాడు. డిసెంబరు చివర్లో దక్షిణానికి బాగా వాలిపోయి, మిట్టమధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తుకు మించడు.

ఇప్పుడు దక్షిణం గోడకు నాలుగడుగుల ఎత్తు కిటికీ, దాని మీద అడుగున్నర సజ్జ ఉందనుకోండి. మార్చి 21న మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు సుమారు 73 డిగ్రీలు. ఆ సజ్జ నీడ గోడ మీద దాదాపు ఐదడుగుల కిందిదాకా పడుతుంది. కిటికీ మొత్తం నీడలోనే. ఇక అక్కణ్నుంచి ఎండాకాలమంతా దక్షిణం కిటికీకి భయం లేదు. డిసెంబరులో అదే సజ్జ నీడ పైన ఒకటిముప్పావు అడుగు దగ్గరే ఆగిపోతుంది. మిగతా రెండుంబావు అడుగుల్లోంచి చలికాలపు ఎండ లోపలికి వస్తుంది, అది మనకు కావలసిందే. చూడండి, ఏ యంత్రమూ లేకుండా ఒక పలక వేసవిలో ఎండను ఆపి, చలికాలంలో రానిస్తోంది.

ఇదే సజ్జను పడమటి గోడకు పెట్టండి. మే మొదట్లో సాయంత్రం నాలుగింటికి సూర్యుడి ఎత్తు 35 డిగ్రీలు, అదీ ఇంచుమించు గోడకు ఎదురుగా. నీడ కేవలం ఒక అడుగు. ఐదింటికి ఎత్తు 21 డిగ్రీలకు దిగితే నీడ ఏడంగుళాలు. నాలుగడుగుల కిటికీలో మూడడుగుల పైచిలుకు ఎండ నేరుగా మంచం మీద. అక్కడ సజ్జను రెండడుగులు చేసినా, మూడడుగులు చేసినా పెద్దగా లాభం లేదు. తక్కువ ఎత్తులోంచి వచ్చే ఎండను ఆపాలంటే కిటికీకి ఎదురుగా, నిలువుగా ఏదో ఒకటి ఉండాలి: వసారా, జాలీ గోడ, వెదురు తడక, వేపచెట్టు. లేదా పడమటి వైపు మెట్లో, బాత్‌రూమో, సామాన్ల గదో పెట్టేసి పడకగదిని అటు వెళ్లకుండా చూసుకోవాలి. ఇంత చిన్న లెక్క వేయకపోవడం వల్ల పడమటి గదికి ఏసీ బిల్లు కట్టే ఇళ్లు ప్రతి కాలనీలో ఉన్నాయి.

దీనికి పెద్ద గణితం అక్కరలేదు. పదో తరగతి టాన్ పట్టిక చాలు. సజ్జ పొడవును సూర్యుడి ఎత్తు కోణపు టాన్‌తో గుణిస్తే నీడ ఎంత దిగుతుందో వస్తుంది. ఎండ గోడకు ఎదురుగా పడుతున్నప్పుడే ఈ సూటి లెక్క చెల్లుతుంది. పక్కవాటుగా పడితే ఇంకో కోణం కూడా కలపాలి.

మధ్యలో ఖాళీ, అంచున ఖాళీ

పాలమూరు, నల్గొండ పల్లెల్లో పాత భవంతులు ఇంకా అక్కడక్కడా మిగిలి ఉన్నాయి. పెద్ద దర్వాజ, దానికి రెండు వైపులా అరుగులు, కడప దాటితే మధ్యలో ఆకాశం కనబడే గచ్చు, చుట్టూ టేకు మొగురాల మీద నిలిచిన వసారా, ఆ వెనక అర్రలు. గోడలు రాయి, మట్టితో రెండడుగుల మందం. ఈ ఇంటిని కోసి చూస్తే దాని పని అర్థమవుతుంది. మందపాటి గోడ పగటి వేడిని తనలో పట్టుకుని లోపలికి ఆలస్యంగా వదులుతుంది. రాత్రి ఆ నడిమి గచ్చు నేల తన వేడిని ఆకాశానికి ఇచ్చేసి చల్లబడుతుంది, చల్లగాలి బరువు కాబట్టి అక్కడే కుదురుకుంటుంది. పొద్దున చాలాసేపటిదాకా చుట్టూ ఉన్న వసారాలు ఆ చల్లదనంతోనే నడుస్తాయి.

ఇట్లా చెబుతుంటే భవంతి స్వర్గమని కొందరు రాస్తారు. నేనట్లా అనను. చాలా అర్రల్లో పట్టపగలు దీపం కావాలి. ఏటేటా గూన పెంకులు సర్దించాలి. గోడ సందుల్లో తేళ్లు. ఆ మట్టిగోడలకే మళ్లీ తిరిగిపోదామని కాదు, అందులో పనిచేసిన సూత్రం తెలుసుకుందామని చెప్పడం.

ఆ సూత్రం ఇప్పటి ప్లాటులో ఏమైందో చూద్దాం. 200 గజాల జాగా, 30 అడుగులు బై 60 అడుగులు అనుకుందాం. ముందు ఐదు, మిగతా మూడు వైపులా మూడేసి అడుగులు వదిలామనుకోండి. ఇల్లు 24 బై 52. వదిలిన ఖాళీ మొత్తం 552 చదరపు అడుగులు. అంత జాగా ఒక్కచోట ఉంటే 20 బై 27 ముంగిలి వస్తుంది, పెళ్లిచూపులకు రెండు కుటుంబాలు కూర్చోవచ్చు. అదే జాగా ఇంటి చుట్టూ సన్నటి రిబ్బనులా పరిచేసరికి ఏసీ డబ్బాలకు, డ్రైనేజీ పైపులకు, పిల్లులకు తప్ప ఎవరికీ పనికిరాకుండా పోయింది. చుట్టూ ఖాళీ వదలాలన్న నిబంధనలకు కారణాలున్నాయి: మంటలు పాకకూడదు, పక్కింటికి గాలీ వెలుతురూ పోకూడదు. వదలాల్సింది వదలాల్సిందే. అయితే ఖాళీని కూడా ఒక గదిలా ఆలోచించి గీయాలన్నది ఆర్కిటెక్చర్‌లో మొదటి పాఠం. మన ప్లాన్లలో గదులన్నీ గీయడం అయ్యాక మిగిలింది ఖాళీ.

ఈ విషయాన్ని జీవితమంతా చెప్పినవాడు ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా. ఆయన 1930లో పుట్టింది మన సికింద్రాబాద్‌లోనే. మన వాతావరణంలో ఆకాశం కింది జాగా ఏడాదిలో చాలా రోజులు గదిలాగే వాడుకోవచ్చని ఆయన వాదన. 1960ల మొదట్లో అహ్మదాబాద్‌లో సన్నటి ప్లాటు కోసం ఆయన గీసిన ట్యూబ్ హౌస్‌కు పేరొచ్చింది సెక్షన్ వల్లే. వాలుగా లేచిన కప్పు కింద వేడిగాలి పైకి ఎక్కి, కొసన ఉన్న సందులోంచి బయటికి పోతుంది. దాని చోటులోకి కింద నుంచి కొత్త గాలి వస్తుంది. మన 200 గజాల ఇంట్లో అంత చేయలేకపోయినా మెట్ల గదికి ఆ పని అప్పజెప్పవచ్చు. మెట్ల గది ఎట్లాగూ స్లాబ్ మీదికి లేస్తుంది. దాని పైన నాలుగు వైపులా వెంటిలేటర్లు పెట్టి, ప్రతి అంతస్తులో తలుపు మీద జాలీ వదిలితే ఇంట్లో వేడి అటు ఎక్కిపోతుంది. మన దగ్గర మాత్రం ఆ మెట్ల గదికి ఇనుప తలుపు బిగించి, లోపల పాత పరుపులు పెడతారు.

వేడి విషయంలో అసలు దోషి స్లాబ్. ఐదంగుళాల కాంక్రీటు పలక పొద్దంతా ఎండను తాగి, మనం అన్నం తినే వేళకు దాన్ని గదిలోకి వదలడం మొదలుపెడుతుంది. రెండడుగుల గోడకున్న ఓపిక దానికి లేదు. తెల్లటి పూత వేస్తే ఎండలో చాలా భాగం తిరిగిపోతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే.

రాయికి ఏం చేతనవును

ఇప్పుడు పానగల్లు వెళ్దాం. నల్గొండ పక్కనే కదా. పచ్చల సోమేశ్వరాలయం మండపంలో నిలబడితే స్తంభాల మీది చెక్కడాలు చూడటానికే కళ్లు చాలవు. చెక్కడాలు కాసేపు పక్కనపెట్టి, స్తంభాల మధ్య దూరం చూడండి. ఎందుకంత దగ్గర దగ్గరగా ఉన్నాయి? రాజుకు డబ్బు తక్కువై కాదు. రాయిని నొక్కితే ఎంత బరువైనా ఓర్చుకుంటుంది, సాగదీస్తే మాత్రం పటుక్కున విరుగుతుంది. రెండు స్తంభాల మీద పెట్టిన రాతి దూలం మీద బరువు పడితే దాని పై భాగం నొక్కుకుంటుంది, కింది భాగం సాగుతుంది. దూరం పెరిగిన కొద్దీ ఆ సాగుడు పెరుగుతుంది. అందుకే స్తంభాలు దగ్గరకు వచ్చాయి. స్తంభం తల మీద నాలుగు దిక్కులా చేతులు చాచినట్టున్న రాయి అలంకారంలా కనబడుతుంది కానీ, దూలం దాటాల్సిన దూరాన్ని రెండు వైపులా తగ్గిస్తోంది అది. సూర్యాపేట దగ్గర పిల్లలమర్రిలో, కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్లలో కూడా ఇదే పద్ధతి. ఆ కాలపు మండపాల పైకప్పు చూస్తే, చదరానికి నాలుగు మూలలా మూలవాటు రాళ్లు పెట్టి, దాని మీద ఇంకో చదరం తిప్పి పెట్టి, ఖాళీని చిన్నది చేసుకుంటూ పోయి చివర్లో ఒకే పలకతో మూస్తారు. ఆ పలక మీద పద్మం చెక్కుతారు. మనం ఆ పద్మాన్ని ఫోటో తీసుకుని వచ్చేస్తాం.

పేరు కలిసింది కాబట్టి మహబూబ్‌నగర్ పిల్లలమర్రి గురించి కూడా చెప్పుకోవాలి. మూడెకరాల దాకా పరుచుకున్న ఆ మర్రిచెట్టు కూడా ఇదే సమస్యను ఊడలతో పరిష్కరించుకుంది. కొమ్మ పొడవు పెరిగి బరువెక్కితే ఒక ఊడ నేలకు దిగి స్తంభమవుతుంది. చెదలు పట్టి కొమ్మలు బలహీనపడ్డప్పుడు, 2018లో సెలైన్ సీసాల్లాంటి వాటితో చుక్కచుక్కగా మందు ఎక్కించారు, ఆ వార్త దేశమంతా తిరిగింది. దానితోపాటే బరువైన కొమ్మల కింద కాంక్రీటు దిమ్మెలు కట్టి ఆనించారు.

కాంక్రీటు గుణం కూడా రాయి గుణమే, సాగుడుకు ఓర్వదు. అందుకే సాగే చోట ఇనుము పెడతారు. రెండు గోడల మీద ఆనిన స్లాబ్ మధ్యలో కింది భాగం సాగుతుంది కాబట్టి రాడ్లు కింద ఉండాలి. బాల్కనీ, సజ్జ ఒకవైపే పట్టుకుని ముందుకు వేలాడుతాయి, అక్కడ సాగేది పై భాగం. రాడ్లు పైన ఉండాలి. కాంక్రీటు పోసే రోజు కూలీలు ఆ రాడ్ల మీద నడిచి, అవి కిందికి కుంగిపోతే, డబ్బులన్నీ పెట్టిన ఇనుము దండగే. సెంట్రింగ్ విప్పిన కొన్నేళ్లకు గోడ మొదట్లో పగులు కనబడుతుంది. ఇల్లు కడుతున్నవాళ్లు ఒక్కరోజే సైట్ మీద ఉండగలిగితే సజ్జలు, బాల్కనీలు పోసే రోజు ఉండండి.

పానగల్లులోనే ఛాయా సోమేశ్వరాలయం ఉంది, ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలం నాటిది. మూడు గర్భగుళ్లు ఒకే మండపానికి తెరుచుకుంటాయి. ఒక గర్భగుడి వెనక గోడ మీద స్తంభం నీడ పగలంతా కదలకుండా ఉంటుంది. వింతగా చెప్పుకుంటారు, నిజంగానే అబ్బురం. లోపలికి చేరేది నేరుగా ఎండ అయితే నీడ గంటగంటకూ జరగాలి. అక్కడికి వచ్చేది మండపం తెరిచి ఉన్న వైపుల నుంచి స్తంభాల మధ్యగా చెదిరి వచ్చే వెలుగు. సూర్యుడు ఎటున్నా ఆ తెరిపి జాగాలు కదలవు కాబట్టి నీడా కదలదు. ఉత్తరం వెలుతురు మంచిదని చిత్రకారులు, దర్జీలు అనేది కూడా ఈ చెదిరిన వెలుగు గురించే.

సిద్ధాంతం ఎంత అవసరం

సిద్ధాంతం అనగానే భయపడేవాళ్లకు ఒక మాట. చాలా మటుకు అది పాత తగాదా. రెండువేల ఏళ్ల కిందటి రోమన్ నిర్మాణకారుడు విట్రూవియస్ కట్టడానికి మూడు గుణాలు కావాలన్నాడు: బలం, ఉపయోగం, అందం. తర్వాత వచ్చినవాళ్లంతా ఈ మూడింటిలో ఏది ముందు అని కొట్టుకున్నారు. 1896లో అమెరికా ఆర్కిటెక్ట్ లూయీ సల్లివాన్ రూపం పనిని అనుసరించాలన్నాడు. ఇరవయ్యో శతాబ్దపు ఆర్కిటెక్ట్ లె కార్బూజియే ఇంటిని జీవించడానికి యంత్రమన్నాడు. గోడలకు బరువు మోసే పని తీసేసి పిల్లర్లకు ఇస్తే ప్లాన్ ఎట్లాగైనా గీయవచ్చని చూపించాడు. మన పిల్లర్ల ఇళ్లన్నీ ఆ ఆలోచనకు దూరపు చుట్టాలే. ఇంత తెలిస్తే మొదట్లో చాలు.

నాకు ఆసక్తి కలిగించేది అలంపూర్. అక్కడి నవబ్రహ్మ ఆలయాలు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో బాదామి చాళుక్యులు కట్టించినవి. తుంగభద్ర ఒడ్డున, దక్షిణాదిలో, ఉత్తరాది పద్ధతి శిఖరాలు వంపు తిరిగి లేస్తాయి. తారక బ్రహ్మ ఆలయం ఒక్కటే వేరు. ప్రాంతానికో శైలి అని నేర్చుకున్నవాళ్లకు ఈ ఊరు ఇబ్బంది పెడుతుంది. శిల్పులు తిరిగారు, చూశారు, నచ్చింది కట్టారు. ఆ గుళ్లను కూడా కోసి చూడాలి. గర్భగుడి చుట్టూ లోపలే ప్రదక్షిణ దారి, దానికి రాతి జాలీ కిటికీలు. ముఖమండపం వెలుగులోంచి లోపలికి నడిచిన కొద్దీ వెలుతురు తగ్గి, జాగా ఇరుకై, చివరికి దీపం వెలుగులో దేవుడు. నడక వేగం దానంతటదే తగ్గుతుంది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునగబోయిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపూర్‌కు తెచ్చి మళ్లీ నిలబెట్టారు. ఒక కట్టడం ఎట్లా కూర్చబడిందో పూర్తిగా తెలిస్తేనే అట్లా విప్పి కట్టగలరు.

ఇక వాస్తు. దీని గురించి మాట్లాడకుండా మన దగ్గర ఇల్లు గురించి రాయడం కుదరదు. "సార్, ఈశాన్యం పెరగాలె, నైరుతి మూసెయ్యాలె" అన్న మాట ప్రతి సైట్‌లో వినిపిస్తుంది. నైరుతి బరువుగా మూసి ఉంచితే సాయంత్రపు ఎండ ఆగుతుంది, అది నిజమే. కానీ వానాకాలంలో మనకు గాలి వచ్చేది కూడా అటు నుంచే. జూన్, జులై ఉక్కపోతలో ఆ గాలి లోపలికి రాక, ఫ్యాన్ కింద చెమట తుడుచుకుంటాం. మధ్య భాగం బ్రహ్మస్థానం, ఖాళీగా వదలాలన్న నియమం భవంతి నడిమి గచ్చుతో సరిగ్గా సరిపోతుంది. అయినా ఇప్పటి ప్లాన్లలో మూలల లెక్క పాటించి మధ్యలో డైనింగ్ టేబుల్ పెట్టేస్తున్నారు. నా అభిప్రాయం ఇంతే: ఏ నియమమైనా, ఎండ, గాలి, బరువు, నడక అనే నాలుగింటిలో దేనికి పనికొస్తుందో అడిగి తీసుకోవాలి. దేనికీ పనికిరాకపోయినా ఇంట్లో పెద్దల మనసు కోసం పాటించవచ్చు, తప్పులేదు. దానికోసం కిటికీ మాత్రం మూయకండి.

నేర్చుకోవాలనుకునేవాళ్లు ఒక టేపు, గళ్ల కాగితం కొనుక్కుని, ఉంటున్న ఇంటినే కొలవండి. 1:50 స్కేలులో, అంటే మీటరును రెండు సెంటీమీటర్లుగా, ముందు ప్లాన్ గీయండి. తర్వాత మెట్ల మీదుగా ఒకటి, పడమటి కిటికీ మీదుగా ఒకటి, రెండు సెక్షన్లు గీయండి. మనిషి బొమ్మ ఒకటి కొలత ప్రకారం అందులో నిలబెట్టండి, లేకపోతే ఎత్తుల అంచనా కుదరదు. ఒక ఆదివారం గంటకోసారి నేల మీద ఎండ అంచును సుద్దముక్కతో గీసి, ఆ గీతలను సెక్షన్‌లోకి ఎక్కించండి. ఆ తర్వాత అలంపూర్‌కో పానగల్లుకో వెళ్లి అదే పని అక్కడ చేయండి. చెక్కడం ఫోటోలు చివర్లో తీసుకోవచ్చు.

దీన్నే వృత్తిగా తీసుకోవాలంటే ఐదేళ్ల బీఆర్క్ చదవాలి. దానికి నాటా అనే ప్రవేశ పరీక్ష ఉంటుంది. హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ మన వైపు పిల్లలకు దగ్గర. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్లే ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోవాలి. సివిల్ ఇంజినీరు పని వేరు, ఆయన ప్రధానంగా చూసేది కట్టడం నిలబడుతుందా లేదా అన్నది. ఇల్లు కట్టించేవాళ్లు ఇద్దరిలో ఎవరి దగ్గరకు వెళ్లినా, ఎలివేషన్ బొమ్మ కంటే ముందు రెండు సెక్షన్లు గీసివ్వమని అడగండి.